ఆరేళ్లుగా క్రాస్ ట్యాబ్‌తో: నా అనుభవం

గుంటూరు చుట్టుపక్కల మిర్చి రైతుల దగ్గర సర్వేలు చేస్తుంటాను. జవాబులన్నీ చేతికొచ్చాక ముందు వేసేది క్రాస్ ట్యాబే, అంటే రెండు ప్రశ్నల జవాబులను ఒకే పట్టికలో అడ్డంగా, నిలువుగా పెట్టి ఏ గడిలో ఎందరున్నారో లెక్కపెట్టడం. సొంత పొలమా, కౌలా అన్నది అడ్డు వరుసల్లో. కాయలు నేరుగా యార్డుకు తోలారా, కోల్డ్ స్టోరేజీలో పెట్టారా అన్నది నిలువు వరుసల్లో. ఎక్సెల్‌లో ఇలా లెక్కపెట్టి పెట్టే పివట్ టేబుల్లో రెండు నిమిషాల పని.

ఆ రెండు నిమిషాల్లోనే పెద్ద పొరపాటు జరిగిపోతుంది. ఉదాహరణకు సొంత రైతులు 80 మంది, కౌలు రైతులు 40 మంది అనుకోండి. స్టోరేజీలో పెట్టినవాళ్లు అటు 40, ఇటు 10. నిలువు శాతం తీస్తే స్టోరేజీ వాడినవాళ్లలో 80 శాతం సొంత రైతులే. కానీ మనం కలిసినవాళ్లలోనే మూడింట రెండొంతులు వాళ్లు కదా! తెలియాల్సింది ఏ గుంపులో ఎందరు ధర కోసం ఆగగలిగారని. దానికి అడ్డు శాతం కావాలి: సొంత రైతుల్లో 50, కౌలు రైతుల్లో 25. నా మొదటి రిపోర్టులో నిలువు శాతాలే ఇచ్చాను. అప్పు తీర్చడానికి కౌలు రైతు కాయ ఎండగానే అమ్ముకుంటున్న సంగతి అందులో కనబడకుండా పోయింది. ఆ బాధ ఇంకా పోలేదు.

తేడా కాకతాళీయమా అన్నదానికి కై-స్క్వేర్ ఉంది, కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన పరీక్ష. పై లెక్కకు 6.86 వస్తుంది, ఇలాంటి నాలుగు గడుల పట్టికకు 5 శాతం స్థాయిలో హద్దు 3.84. హద్దు దాటింది కాబట్టి తేడాను కాకతాళీయమని కొట్టిపారేయలేం. పివట్ టేబుల్ ఇది చెప్పదు. తేడా లేకపోతే ఏ గడిలో ఎందరుండాలో మనమే లెక్కకట్టి ఎక్సెల్‌కు ఇవ్వాలి. విసుగొచ్చి ఉచితంగా దొరికే గణాంకాల సాఫ్ట్‌వేర్ పీఎస్‌పీపీకి మారాను, సుఖంగా ఉంది.

ఎకరాల వారీగా మళ్లీ విడగొట్టి చూడటం నాకు బాగా ఇష్టం. చిన్న కమతాల వాళ్లను విడిగా చూస్తే ఒక్కోసారి సొంతం, కౌలు తేడా కరిగిపోతుంది. కాకపోతే గడులు పలచబడతాయి. ఉండాల్సిన సంఖ్య 5 లోపుకు పడితే కై-స్క్వేర్‌ను నమ్మను, చిన్న సంఖ్యలకు కూడా పనికొచ్చే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ చేస్తాను.

ఎంట్రీలో ఒకరు "కౌలు", ఇంకొకరు "కవులు" అని కొడితే రెండు వేర్వేరు వరుసలొస్తాయి. అవి సరిచేయడానికే ఒక పూట పడుతుంది.

ఇప్పుడు ప్రతి శాతం పక్కనా మంది సంఖ్య తప్పకుండా వేస్తాను. రైతులకు పట్టిక చదివి వినిపించేటప్పుడు, శాతాలకు ఊరుకున్నవాళ్లే ఇంతమందిలో ఇంతమందే అనగానే మాట్లాడటం మొదలుపెడతారు.