ఉబుంటూనా, డెబియనా? అసలు జనాదరణ ఎవరికి కావాలి?

విండోస్ బదులు కంప్యూటర్లో వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. ఉబుంటు, డెబియన్ అందులో రెండు రకాలు. లినక్స్ వేసుకుందామనుకునేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఉబుంటు మేలా, డెబియన్ మేలా అని. వెంటనే ఇంకోటి అడుగుతారు: ఉబుంటు పేరు అందరికీ తెలుసు, డెబియన్ గురించి ఎవరూ మాట్లాడరు, మరి అది ఎన్నాళ్లు నిలుస్తుంది? నాకు ఈ రెండో ప్రశ్నే ముఖ్యం.

ఉబుంటు 2004లో పోటీకనే పుట్టింది. దాని బగ్ ట్రాకర్‌లో, అంటే లోపాలు నమోదు చేసే జాబితాలో, మొదటి బగ్‌గా ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ నమోదు చేసింది మార్కెట్‌లో సింహభాగం మైక్రోసాఫ్ట్‌దే అన్న ఫిర్యాదు. దాన్ని 2013లో గానీ మూసెయ్యలేదు. ఆ పట్టుదల వల్ల మంచే జరిగింది. అడిగినవాళ్లకల్లా సీడీలు ఉచితంగా పోస్టులో పంపారు, ఇన్‌స్టాలేషన్ తేలికైంది. కానీ వెనకున్న కెనానికల్ ఒక కంపెనీ, దానికి రాబడి కావాలి. 2012లో వచ్చిన 12.10 వెర్షన్‌లో సొంత కంప్యూటర్లో ఫైలు వెతికినా అమెజాన్ సరుకులు కనిపించేవి. 2016లో 16.04 వచ్చాకే ఆ బెడద తప్పింది.

డెబియన్ 1993 నుంచి వాలంటీర్లదే. లీడర్‌ను ఏటా ఓటేసి ఎన్నుకుంటారు. ఏ ప్యాకేజీలు (విడివిడి సాఫ్ట్‌వేర్‌లు) వాడుతున్నారో లెక్క పంపమంటారా అని ఇన్‌స్టాలర్ అడుగుతుంది, జవాబు ముందే 'వద్దు' అని పెట్టి ఉంటుంది. ఆ లెక్కతో వాళ్లు చేసేది మొదటి సీడీలో ఏ ప్యాకేజీలు పెట్టాలో చూసుకోవడం లాంటి పనులే.

నా మటుకు తేల్చేది ఒక్కటే: కోడ్‌ను కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఎందరు? ఫైళ్ల సైజు తగ్గించే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంది, అంతకు మించిన వాడకం ఏముంటుంది? అయినా ఏళ్ల తరబడి దాని భారమంతా అలిసిపోయిన ఒక్క మనిషి మీదే పడింది. సాయం చేస్తానని చేరిన వ్యక్తే అందులో బ్యాక్‌డోర్, అంటే కంప్యూటర్లోకి చొరబడే దొంగదారి, పెట్టాడు. 2024 మార్చిలో డెబియన్ అన్‌స్టేబుల్ (ఇంకా తయారీలో ఉన్న వెర్షన్) మెషీన్ మీద ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి కంప్యూటర్లోకి ప్రవేశించడం) అర సెకను ఆలస్యం కావడంతో అనుమానం వచ్చి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ దాన్ని బయటపెట్టాడు. కోట్లమంది వాడుతున్నారు, పట్టించుకున్నది ఒక్కరు. ఉబుంటు ప్యాకేజీల్లో చాలా భాగం డెబియన్ నుంచే వస్తాయి కాబట్టి అక్కడ వాటిని చూసుకునే మెయింటెయినర్ల శ్రమ ఉబుంటు వాడేవాళ్లకూ అందుతోంది.

జనాదరణ నిజంగా అక్కరకొచ్చేది హార్డ్‌వేర్ విషయంలో. వాడేవాళ్లు ఎక్కువుంటే కంపెనీలు డ్రైవర్లు ఇస్తాయి. డెబియన్‌లో వైఫై తలనొప్పిగా ఉండేది. 2022లో సభ్యులు ఓటేసి, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి, వైఫై లాంటి పరికరాలు నడవడానికి కావలసిన ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే చేర్చారు.

 

మరీ కొత్త లాప్‌టాప్ అయి ఇవాళే పని మొదలవ్వాలంటే ఉబుంటు వేసుకోండి. మిగతా అందరికీ నేను డెబియనే చెప్తాను. ఇన్‌స్టాలర్ తెలుగులోనూ ఉంది. అనువాదంలో తప్పు కనిపిస్తే బగ్ రాయండి, చేతనైతే సరిదిద్ది పంపండి.