మా థియేటర్‌లో రికార్డింగ్ వ్యవస్థ: మైకుకే ఎక్కువ మార్కులు

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో సీనియర్ నర్సును. మా లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి చేసే ఆపరేషన్) గదిలో రికార్డింగ్ వ్యవస్థ పెట్టి ఏడాది దాటింది. కడుపులోని కెమెరా దృశ్యం, గదిని చూపే పైకప్పు కెమెరా, మా మాటలు పట్టే మైకు, మత్తు డాక్టరు మానిటర్‌లోని అంకెలు, అన్నీ ఒకే గడియారానికి ముడిపడి నమోదవుతాయి. కెనడాలోని టొరంటోలో సర్జన్ టియోడర్ గ్రాంచరోవ్ మొదలుపెట్టిన ‘ఓఆర్ (ఆపరేటింగ్ రూమ్) బ్లాక్ బాక్స్’ది ఇదే పద్ధతి. మాది వేరే కంపెనీది, చిన్నది.

లోపలి దృశ్యాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం పాత సంగతే. నాకు కనువిప్పు కలిగించింది మైకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల భద్రతా జాబితాను మేమూ రోజూ నింపుతాం. కాగితం మీద అన్నిటికీ టిక్కులుంటాయి. రికార్డింగ్ వింటే, మాప్‌ల (రక్తం అద్దే గుడ్డల) లెక్క చెబుతుండగానే ఎవరో దారం అడుగుతారు, ఇంకెవరో తలుపు తీస్తారు, ఎవరి ఫోనో మోగుతుంది. అలాంటి ఐదు నిమిషాల రికార్డింగ్ అందరం కలిసి విన్నాక మార్పు వచ్చింది. ఇప్పుడు లెక్క పూర్తయ్యేవరకు సర్జన్ గారే చేతులు ఆపి నిలబడతారు.

శిక్షణకైతే ఇంతకంటే మంచి సాధనం చూడలేదు. పిత్తాశయం తీసేటప్పుడు, దానిలోకి వెళ్లేవి రెండే నిర్మాణాలని (ఒక నాళం, ఒక ధమని) స్పష్టంగా కనిపించాకే వాటిని మూసే క్లిప్పు వేయాలని సర్జన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో చెప్పిన నియమం ఉంది. పైత్యరస నాళం పొరపాటున తెగకుండా కాపాడేది అదే. జూనియర్ డాక్టర్లు సరిగ్గా అక్కడ వీడియో ఆపి, ‘ఇక్కడ క్లిప్పు వేయవచ్చా?’ అని వాదించుకుంటారు. ఆపరేషన్ బల్ల దగ్గర అంత తీరిక ఎక్కడిది?

లోపాలూ ఉన్నాయి. పైకప్పు కెమెరాకు పెద్ద లైటు అడ్డొస్తుంది, సగం సేపు సర్జన్ వీపే కనిపిస్తుంది. మాటలను అక్షరాలుగా మార్చే సౌకర్యం తెలుగు, తమిళం కలిసిన మా సంభాషణకు పనికిరాదు. కరెంటు పోయి వస్తే ధ్వని, దృశ్యం ఒకదానికొకటి తప్పుతాయి. బాగుచేసే మనిషి చెన్నై నుంచి రావాలి.

నేను గట్టిగా పట్టుబట్టింది అనుమతి పత్రం గురించి. మొదట అది చేరిక ఫారంలో ఒక ఇంగ్లీషు వాక్యం మాత్రమే. మాకు తిరుత్తణి, వేలూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఇప్పుడు తెలుగులో, తమిళంలో విడి పత్రం ఇచ్చి, చదివి వినిపిస్తున్నాం. వద్దన్నవారికి రికార్డింగ్ ఆపేస్తాం, వైద్యంలో తేడా ఉండదు.

కొనాలనుకునే ఆసుపత్రులకు నా సలహా: తప్పు ఎవరిదో పట్టుకోవడానికి యాజమాన్యం ఈ వీడియోలు అడగకూడదని ముందే రాతపూర్వకంగా హామీ తీసుకోండి. మా దగ్గర ఒకసారి అడిగారు. ఆ వారమంతా థియేటర్‌లో ఎవరూ నోరు విప్పలేదు, రికార్డింగ్‌లో పరికరాల చప్పుడు తప్ప ఏమీ లేదు. మత్తు డాక్టరు గారు అభ్యంతరం చెప్పాకే ఆ పద్ధతి ఆగింది. గది వీడియో నెలలో చెరిపేయాలి, పేర్లు తీసేసి, పాఠాలకు వాడే వీడియో ముక్కలే మిగలాలి అన్న నియమం కూడా అప్పుడే వచ్చింది.