అన్నపూర్ణమ్మ పై అంతస్తులో ఉంది: మా గోదావరి ట్రిప్

మాఘమాసంలో అమ్మా నేనూ ఇద్దరమే మూడు రోజులు గోదావరి జిల్లాలు తిరిగొచ్చాం, అమ్మవార్లని చూడాలనే బయల్దేరాం.

ముందు భీమవరం, గునుపూడి సోమారామం. పౌర్ణమికీ అమావాస్యకీ లింగం రంగు మారుతుందని అందరూ చెప్తారు గానీ నాకు బాగా నచ్చింది వేరే, సోమేశ్వరుడు కింద ఉంటే అన్నపూర్ణమ్మ ఆయన పై అంతస్తులో ఉంది. మోకాళ్ల నొప్పులున్నా అమ్మ గోడ పట్టుకుని మెట్లన్నీ ఎక్కేసింది.

రూమ్ దగ్గరే మనసు కష్టమైంది. ఒక లాడ్జిలో "మగవాళ్లెవరూ రాలేదాండి" అని అడిగి, ఆధార్ కార్డులు రెండూ చూపించినా ఖాళీ లేదన్నారు, మా వెనకే వచ్చిన భార్యాభర్తలకి మాత్రం తాళం ఇచ్చారు. ఇంకో చోట దొరికింది, ఏసీ లేదు గానీ బాత్రూమ్ శుభ్రంగా ఉంది, వేడినీళ్లు అడగ్గానే తెచ్చిచ్చారు, నాకది చాలు.

మర్నాడు ర్యాలి. రావులపాలెం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో, రానూపోనూ మాట్లాడుకుంటేనే మంచిది. ఒకే నల్లరాయి, ముందువైపు కేశవస్వామి, వెనక్కి వెళ్తే జగన్మోహిని. పూజారిగారు దీపం దగ్గరగా పట్టి ఆ కొప్పు ముడి చూపిస్తుంటే అమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆటోలో అమ్మకి చాతల్‌హొయుక్ గురించి చెప్పా. టర్కీలో దాదాపు 9 వేల ఏళ్ల నాటి ఊరది, 1961లో అక్కడ తవ్వకాల్లో రెండు పక్కలా చిరుతల్లాంటి జంతువుల మీద చేతులేసి కూర్చున్న నిండైన ఆడబొమ్మ దొరికితే, అమ్మతల్లిని కొలిచారు, ఆడవాళ్ల రాజ్యమే అయ్యుంటుందని చాలామంది అనేశారు, తర్వాత ఎముకలు పరీక్షిస్తే ఆడవాళ్లూ మగవాళ్లూ ఇంచుమించు ఒకేలాంటి తిండి తిన్నారని తేలింది. నాకైతే ఆ బొమ్మ కన్నా ఈ ఎముకల మాటే పెద్దదనిపిస్తుంది. అమ్మ కాసేపు ఊరుకుని "పెళ్లైన కొత్తలో అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగిలితే అదే తినేదాన్నే" అంది.

సాయంత్రానికల్లా ద్రాక్షారామం, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన మాణిక్యాంబ. అఖండ దీపాలకి దానాలిచ్చిన ఆడవాళ్ల పేర్లు కూడా ఇక్కడి శాసనాల్లో ఉన్నాయి, రాళ్ల మీద అక్షరాలు చూడకుండా రావద్దు. రాత్రికి అక్కడే ఉండిపోయి మర్నాడు మధ్యాహ్నం అన్నదానంలో కూర్చున్నాం. అమ్మ నా పక్కన, ఎదుటి వరసలో మగవాళ్లు. వడ్డించే అబ్బాయి మా వైపు నుంచే మొదలుపెట్టాడు. అమ్మ పులుసు రెండోసారి అడిగి పోయించుకుంది.