ఆంకా లెవెలా, యూరిన్ టెస్టా? కిడ్నీ కోసం ఏది నమ్మాలి

ఆంకా వాస్క్యులైటిస్ అంటే మన రోగనిరోధక శక్తే చిన్న రక్తనాళాల మీద దాడి చేసి వాటిలో మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే జబ్బు. ఆంకా అంటే ఆ జబ్బులో రక్తంలో కనబడే యాంటీబాడీ. ఈ జబ్బు ఉన్నవాళ్ల ఇంట్లో చెకప్ దగ్గరపడితే చాలు, అందరి టెన్షనూ ఆంకా ఎంత వచ్చిందన్న దాని మీదే. మా పిన్నికి కిడ్నీలు దెబ్బతిన్నప్పటి నుంచి మేమూ అంతే. కానీ కిడ్నీ సంగతి మాత్రమే అడిగితే నేను యూరిన్ టెస్టునే ముందు పెడతాను.

ఎందుకంటే ఆంకా తెచ్చే కబురు ప్రమాదం రావచ్చు అని మాత్రమే. మందులతో రోగం అణిగాక కూడా కొందరికి ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది, కిడ్నీ మాత్రం నిలకడగా ఉంటుంది. కొందరికి నెగటివ్‌గా ఉండగానే తిరగబెడుతుంది. అలాగని తీసిపారేయలేం. 2015లో వచ్చిన ఒక డచ్ అధ్యయనంలో, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఆంకా పెరగడానికీ రోగం తిరగబెట్టడానికీ మిగతావాళ్లలో కంటే గట్టి సంబంధం కనిపించింది. అయినా కిడ్నీ చికిత్సకు అంతర్జాతీయంగా వాడే 2024 కేడిగో మార్గదర్శకాలు ఆంకా ఒక్కటే చూసి చికిత్స మార్చొద్దనే అంటున్నాయి. పైగా పెరిగిందని స్టెరాయిడ్ పెంచితే ఇన్ఫెక్షన్లు, షుగరు, ఎముకల బలహీనత అన్నీ పేషెంటే మోయాలి.

ఆంకాలో పీఆర్3, ఎంపీఓ అని రెండు ముఖ్యమైన రకాలున్నాయి, మీది ఏ రకమో కూడా తెలుసుకోండి. పీఆర్3 అయితే తిరగబెట్టడం ఎక్కువ. ఎంపీఓలో అది తక్కువే గానీ, రోగం బయటపడేసరికే కిడ్నీలో మచ్చలు పడిపోయి ఉండటం ఎక్కువ.

యూరిన్‌లో ఎర్ర కణాలు, ప్రొటీన్ కనబడ్డాయంటే మంట కిడ్నీ దాకా వచ్చిందేమోనని వెంటనే అనుమానించాలి. కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ కూడా చూడాల్సిందే, కాకపోతే అది ఆలస్యంగా కదులుతుంది, కిడ్నీ శక్తి బాగా తగ్గాక గానీ పెరగదు. పైగా యూరిన్ టెస్టుకి ఆంకా ఖర్చులో చిన్న ముక్కే అవుతుంది, అందుకే తరచుగా చేయించుకోవచ్చు.

ఆంకా చేయిస్తే మాత్రం ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. ఒకసారి హిమాయత్‌నగర్‌లో, ఇంకోసారి ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే వేరే ల్యాబుకి ఇస్తే, కిట్లు వేరైనప్పుడు ఆ నంబర్లు పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికిరావు.

ఆంకా బాగా అక్కరకొచ్చే చోటు ఒకటుంది, రోగం తిరగబెట్టకుండా ఇచ్చే రిటుక్సిమాబ్ మందు మళ్లీ ఎప్పుడివ్వాలన్న నిర్ణయం. 2018లో ఫ్రాన్స్ వాళ్లు 162 మందిని రెండు గుంపులు చేసి చూశారు. ఆంకా, బి కణాలు (ఈ మందు తగ్గించే తెల్ల రక్తకణాలు) చూసుకుంటూ ఇచ్చినవాళ్లకు తక్కువ డోసులే పడ్డాయి, తిరగబెట్టింది 17.3 శాతం మందికి. ముందే పెట్టుకున్న తేదీల ప్రకారం ఇచ్చినవాళ్లలో 9.9 శాతం. గణాంకపరంగా ఆ తేడా తేలలేదు, కానీ కిడ్నీ ఇప్పటికే బలహీనంగా ఉన్న మనిషి విషయంలో నేనైతే ఆ తేడాని తేలిగ్గా తీసుకోను.

ఆంకా పెరిగి యూరిన్ శుభ్రంగా ఉంటే చెకప్‌లు దగ్గర దగ్గరగా పెట్టమని డాక్టర్‌ను అడగండి. యూరిన్‌లో కొత్తగా రక్తం కనబడితే మాత్రం ఆంకా రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే నెఫ్రాలజిస్టుకు చెప్పండి.