పన్ను తీయించుకున్న రోజే ఈ సీసాలు అంటగడతారు, కొనొద్దు

కడపలో జ్ఞానదంతం తీయించుకుని, చెంప పట్టుకుని మందుల షాపుకు వెళ్లేవాళ్లు జాగ్రత్త. చీటీలోని మాత్రలతో పాటు చీటీలో లేని మౌత్‌వాష్ సీసా, లవంగ నూనె బుడ్డి కూడా కవర్లో వేసేస్తున్నారు. "సాయంత్రం నుంచే గట్టిగా పుక్కిలించండి, నొప్పేస్తే నూనెలో దూది ముంచి పెట్టుకోండి" అంటారు. ఆ రెండూ చేటే.

పన్ను పోయిన గుంతలో రక్తం గడ్డ కడుతుంది. కింది ఎముకకు అదే మూత. మొదటి 24 గంటల్లో పుక్కిలించినా, పదేపదే ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, బీడీ తాగినా అది ఊడిపోవచ్చు. అలా ఎముక తేలితే మూడో రోజుకో, నాలుగో రోజుకో చెవి దాకా లాగే నొప్పి, నోట్లో దుర్వాసన మొదలవుతాయి. డాక్టర్లు డ్రై సాకెట్ అనేది దీన్నే. వాపు రెండు మూడు రోజులు పెరగడం మామూలే. తగ్గిన నొప్పి తిరగబెడితే మాత్రం వెంటనే చూపించుకోవాలి.

లవంగ నూనె పచ్చి పుండుకు నేరుగా తగిలితే కండ కాలి తెల్లబడుతుంది. డ్రై సాకెట్‌కు డాక్టర్లు పెట్టే మందుల్లోనూ లవంగంలోని యూజినాల్ ఉండొచ్చు, కానీ గుంత కడిగి, కొలతగా పెడతారు.

గుంత మీద డాక్టరు పెట్టిన గాజ్ గుడ్డను 30 నుంచి 45 నిమిషాలు కదపకుండా కరిచిపట్టాలి. తొలిరోజు చెంపకు ఐసు, పదిహేను నిమిషాలు పెట్టి పదిహేను నిమిషాలు తీసేయాలి. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా జారవిడిస్తే చాలు. డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ అనే మౌత్‌వాష్ రాసుంటే అదీ మర్నాటి నుంచే. పేస్టుతో తోముకున్నాక అరగంట ఆగి వాడాలి, లేకపోతే దాని పని చెడుతుంది.

ఉగ్గానిలోని బొరుగులు, వేరుశనగ పప్పుల ముక్కలు గుంతలో ఇరుక్కుంటాయి. చల్లారిన రాగి జావ, మెత్తని మజ్జిగన్నం మేలు.

కత్తిరించిన స్ట్రిప్పు మీద పేరు, తేదీ లేకపోతే ఆ మాత్ర వద్దు. నొప్పికని ఆస్పిరిన్ వేసుకుంటే రక్తం త్వరగా ఆగదు. గుండెజబ్బుకు ముందునుంచీ వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా మానొద్దు.

ఉమ్మి ఎర్రగా రావడం ఒక రోజు మామూలే. నోరు నిండేలా రక్తం వస్తూ, గాజ్ మళ్లీ అరగంట కరిచినా ఆగకపోయినా, జ్వరమొచ్చినా, మింగలేకపోయినా చేయించుకున్న చోటికో, కడప ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రికో వెళ్లండి. ఊపిరాడకపోతే నేరుగా ఎమర్జెన్సీకే. అదనంగా ఇచ్చిన సీసాలను సీలు తీయకుండా, బిల్లుతో సహా వెనక్కిచ్చేయండి.