ఇస్తాంబుల్‌లో ఇజ్నిక్ పళ్లేలు కొనబోయేవాళ్ళు జాగ్రత్త

సెలవులకి టర్కీ టికెట్లు తీసుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉంటారు, అందుకే చెప్తున్నా. ఇజ్నిక్ అంటే రంగుల పళ్లేలకి, గోడ పలకలకి పేరుపడ్డ టర్కీ ఊరు, క్వార్ట్జ్ అంటే పలుగురాయి. గ్రాండ్ బజార్ చుట్టుపక్కల కొట్లలో "ఇజ్నిక్ క్వార్ట్జ్, చేత్తో వేసింది" అని చూపించిన పళ్లేన్ని మీ కళ్ళముందే పొట్లం కట్టకపోతే కొనకండి. నాకు చూపించింది ఒకటి, ఇంటికొచ్చింది ఇంకోటి.

వెళ్ళిన రోజే రుస్తెం పాషా మసీదు చూశాం. 1560ల నాటిది, గోడల నిండా ఇజ్నిక్ పలకలే. తెల్లటి నేల మీద నీలం, పచ్చ, మధ్యలో పండు టమాటా లాంటి ఎరుపు. ఆ ఎరుపు రంగుని చిక్కటి మట్టితో వేస్తారు కాబట్టి గాజులాంటి పైపూత కింద కాస్త ఉబ్బి కనిపిస్తుంది. చూస్తూ చూస్తూ బయటికి రాబుద్ధి కాలేదు. ఒక్క పళ్లెమైనా ఇంటికి తీసుకెళ్ళాలనిపించింది.

కొట్టాయన టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. పళ్లేన్ని మూడు వేళ్ళ మీద నిలబెట్టి గోటితో తడితే గంటలా మోగింది. ఇజ్నిక్ సరుకులో మట్టి తక్కువ. పాత పద్ధతిలో దాదాపు 80 శాతం క్వార్ట్జ్ పొడి, మిగతాది గాజు పొడి, తెల్లమట్టి. నేనూ తడిమి చూశాను, ఎరుపు రేకులు వేలికి తగిలాయి. ఆ పళ్లెం, దానికి జతగా ఆరు గిన్నెలు, అన్నీ కలిపి 26 వేల రూపాయలు. "కట్టించి తెస్తా" అని లోపలికి తీసుకెళ్ళాడు. నేను ఇవతలే కూర్చున్నాను. మోసం జరిగింది అక్కడే.

హైదరాబాద్ వచ్చి విప్పితే పళ్లెం మీద ఎరుపు నున్నగా ఉంది, వేలికి ఏమీ తగల్లేదు. గిన్నెలు వరసగా పెట్టి చూశాను. ఆరింటి మీదా తులిప్ ఆకు ఒకే చోట తెగి ఉంది. చేత్తో వేస్తే ఆరుసార్లూ కుంచె ఒకే చోట తప్పుతుందా? ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే రంగంతా సన్నటి చుక్కలు, అచ్చేసిన కాగితం అతికించి కాల్చిన బొమ్మలు.

డబ్బు సంగతి ఎలా ఉన్నా, అసలు భయం వేరే ఉంది. అమ్మ ఒక గిన్నెలో నిమ్మకాయ ఊరగాయ తీసి పెట్టింది. రెండు రోజులకి లోపల మెరుపు పోయి రంగు వెలిసింది. అనుమానం వచ్చి ఇంకో గిన్నె ల్యాబుకి ఇచ్చాను. 4 శాతం ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్‌లో ఉండే పులుపు) పోసి 24 గంటలు ఉంచి పరీక్షిస్తారు. పరిమితికి మించి సీసం దిగిందని రిపోర్టు వచ్చింది. ఆ పూట అన్నం సహించలేదు. టర్కీని ఏలిన ఆటోమన్ల కాలంనాటి పైపూతలోనూ సీసం ఉండేది, కాబట్టి "పాత పద్ధతిలో చేసింది" అంటే తినడానికి పనికొస్తుందని కాదు. మన వంటలేమో చింతపండు, నిమ్మ, ఆవకాయ, పెరుగు, సగం పులుపే. పిల్లలున్న ఇళ్ళలో ఇవి గోడకే పరిమితం చేయండి.

కొట్టాయన వాట్సాప్‌లో "మీరు చూసిందే ఇచ్చాం" అని ఒకసారి జవాబిచ్చి ఊరుకున్నాడు. డబ్బు వెనక్కి ఇప్పించమంటే బ్యాంకువాళ్ళు, కొట్లో నాకు చూపించిన పళ్లెం ఫోటో అడిగారు, నేను తీసుకోలేదు. మీరు మాత్రం ముందూ వెనకా ఫోటో తీసుకోండి. చేత్తో వేసిందని, క్వార్ట్జ్ అని, అందులో తినొచ్చని చెప్తే ఆ మూడూ బిల్లు మీద రాయించండి.

పక్క కొట్లో ఒకతను "ఇది 200 ఏళ్ళనాటిది" అన్నాడు. అలాంటి మాటకి అసలు ఆగకండి. 1983 నాటి 2863 నంబరు చట్టం ప్రకారం పాత కళావస్తువులు టర్కీ దాటించడం నేరం. అతను చెప్పింది నిజమైతే విమానాశ్రయంలో కేసు, అబద్ధమైతే డబ్బు దండగ.

ఇదంతా విని అక్కడి కళాకారులందర్నీ అనుమానించొద్దని చేతులెత్తి దండం పెడుతున్నా. పదిహేడో శతాబ్దం తర్వాత అడుగంటిన ఈ పనిని నిలబెట్టడానికి 1993లో ఇజ్నిక్ ఫౌండేషన్ పుట్టింది. కుతాహ్యా ఊళ్ళో ఇప్పటికీ కుంచెతో వేసేవాళ్ళున్నారు. 2016లో యునెస్కో ఈ కళని (టర్కీలో దీన్ని చిని అంటారు) తన జాబితాలో చేర్చింది. వీలైతే ఇజ్నిక్‌కో కుతాహ్యాకో వెళ్ళి, గీస్తుండగా చూసి, గీసినవాళ్ళ చేతుల్లోంచే తీసుకోండి. ధర ఎక్కువే ఉంటుంది, ఒక్క పళ్లెం కొన్నా చాలు.

మిగిలిన నాలుగు గిన్నెలు అటకెక్కించాను. ఎవరూ పొరపాటున దించి వాడకుండా ఒక్కోదాని అడుగున "తినడానికి కాదు" అని చెరగని ఇంకుతో రాశాను.