స్లాబు ఇల్లా, పెంకుటిల్లా? పర్లాకిమిడి వైపు ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం పల్లెల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఇల్లు మంజూరైతే మనవాళ్లు ముందు పాత పెంకుటిల్లు పడగొట్టేస్తారు. పక్కన జాగా ఉంటే దయచేసి తొందరపడకండి.

ఎండాకాలంలో ఈ రెండింటికీ పోలికే లేదు. మూరెడు మందం మట్టిగోడ దాటి వేడి లోపలికి రావాలంటే గంటలు పడుతుంది. లోపలి వేడిగాలి పెంకుల సందుల్లోంచి పైకి పోతుంది. కింద మట్టి మెత్తిన అటక ఉంటే పెంకుల సెగ కూడా నెత్తిన పడదు. స్లాబు అలా కాదు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను పీల్చి, రాత్రంతా గదిలోకి వదులుతుంది. మే నెలలో అర్ధరాత్రి కూడా ఫ్యాను గాలి వేడిగా తగిలేది అందుకే.

తుపాను రాత్రి మాత్రం లెక్క మారిపోతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అంత గాలికి చూరు దగ్గర నాలుగు పెంకులు లేస్తే చాలు, వెనకే కప్పంతా లేస్తుంది. వంశధార నీళ్లు గోడ మొదట్లో నిలిస్తే మట్టిగోడ నాని కూలుతుంది. పిల్లల్ని, ముసలివాళ్లని పెట్టుకుని ఆ రాత్రి గడపాలంటే స్లాబు కిందే ఉండాలి. ఇక చెదలు, కోతులు, పెంకు నేసే మనుషులు దొరక్కపోవడం అందరికీ తెలిసిందే.

కాబట్టి నా ఓటు స్లాబుకే, కానీ పాత ఇంటి తెలివిని దానిలోకి తెచ్చుకోవాలి. పథకంలో ఇంటి కనీస కొలత 25 చదరపు మీటర్లు. సాయం మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. ఆ డబ్బుతో అన్నీ కుదరవు. ముందు పడమటి గోడకు వసారా దించండి. దాని కప్పును స్లాబుతో కలపకండి, వేరే స్తంభాల మీద నిలబెట్టండి. గాలికి వసారా పోయినా ఇల్లు మిగులుతుంది.

పడగొట్టక తప్పకపోతే పాత పెంకులు పారేయకండి. స్లాబు పోసేటప్పుడు ఇనుప చువ్వల మధ్య గళ్లలో వాటిని పేర్చి కాంక్రీటు పోయొచ్చు. స్లాబు అడుగు భాగంలో చువ్వల మధ్య కాంక్రీటు పెద్దగా బరువు మోయదు కాబట్టి అక్కడ పెంకు పెడితే సిమెంటు మిగులుతుంది, వేడి కూడా కొంత తగ్గుతుంది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఇలాంటి ఇళ్లు చాలా కట్టారు. అయితే చువ్వల చుట్టూ కాంక్రీటు నిండుగా పట్టాలి, ఈ పని తెలిసిన మేస్త్రీకే అప్పగించండి. అది కుదరకపోతే ఏటా ఎండలు ముదరకముందే స్లాబు మీద తెల్ల సున్నం కొట్టించండి, ఖర్చు తక్కువ.

మన వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, గాలి ముందు నుంచో వెనక నుంచో రావాల్సిందే. గది కలిసొస్తుందని పెరడు మూసేస్తే ఆ దారి పోతుంది. కొంచెం చోటైనా ఆకాశానికి వదిలి, ముందు తలుపుకు ఎదురుగా వెనక తలుపు పెట్టించండి.